మోడల్ పేరు కాదు, సెన్సర్ తరం చూడాలి

2009లో కానన్ 7డీ కెమెరా 18 మెగాపిక్సెళ్ల సెన్సర్‌తో వచ్చింది. సెన్సర్ అంటే కెమెరా లోపల కాంతిని ఫొటోగా మార్చే చిప్. మరుసటి ఏడు 550డీ వచ్చింది, అందులోనూ 18 మెగాపిక్సెళ్లే. ఆ తరువాత 60డీ, 600డీ, 650డీ, 2013లో 700డీ. పేర్లు మారాయి. తెరలు పక్కకు తిరగడం నేర్చుకున్నాయి, వేలితో తాకితే ఫోకస్ చేసే సదుపాయమూ వచ్చింది. ఫొటో నాణ్యత మాత్రం దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది. ఆ నాలుగేళ్లూ ‘ఇంకొక్క మోడల్ వచ్చాక చూద్దాం’ అని ఆగినవారు దేనికోసం ఆగినట్టు?

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. 2018 నాటి నికాన్ జడ్6లోనూ, 2020 నాటి జడ్6 రెండో మోడల్‌లోనూ, 2023లో వచ్చిన జడ్ఎఫ్‌లోనూ 24.5 మెగాపిక్సెళ్ల సెన్సరే. కొత్త సెన్సర్‌ను రూపొందించి ఫ్యాక్టరీలో తయారీకి ఎక్కించడం భారీ ఖర్చుతో కూడిన పని. పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే దానిని ఏళ్ల తరబడి, వేర్వేరు కెమెరాల్లో వాడక తప్పదు. మోడళ్లకు అంత ఓపిక ఉండదు. అమ్మకాల కోసం రెండేళ్లకోసారైనా కొత్త పేరు కావాలి. ఎప్పుడు కొనాలో తేల్చుకోలేక తికమకపడేది ఈ రెండు వేగాల మధ్యనే.

ఇక కొత్త తరం సెన్సరే వచ్చిందనుకుందాం. చీకట్లో తీసిన ఫొటోలో కనిపించే రంగురంగుల చుక్కలను, అంటే నాయిస్‌ను, అది ఎంతవరకు తగ్గించగలదు? ఆ చుక్కల్లో చాలా భాగం సెన్సర్ లోపం కాదు, కాంతి స్వభావమే. కాంతి కణాలైన ఫోటాన్లు వాన చినుకుల్లా అటూ ఇటుగా పడతాయి. ఒక పిక్సెల్‌లో సగటున 100 ఫోటాన్లు పడితే అందులో హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. 10,000 పడితే హెచ్చుతగ్గు 100, అంటే ఒక్క శాతమే. కాబట్టి ఫొటో శుభ్రంగా ఉండాలంటే ఎక్కువ కాంతిని పట్టుకోవడమే దారి. రంగుల ఫిల్టర్ దాటి తమ దాకా వచ్చిన కాంతిలో సగానికి పైగా నేటి మంచి సెన్సర్లు ఇప్పటికే పట్టేస్తున్నాయి. రేపు ఒక్క ఫోటాన్‌నూ వదలని సెన్సర్ వచ్చినా లాభం రెండు రెట్లకు మించదు. కాంతి రెట్టింపైతే ఒక స్టాప్ అనే ఫొటోగ్రాఫర్ల లెక్కలో ఇది ఒక స్టాప్ కూడా కాదు.

లెన్స్ ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే దాని రంధ్రం అంత పెద్దది. అదే కెమెరాకు ఎఫ్/5.6 జూమ్ తీసి ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే సెన్సర్ మీద పడే కాంతి తొమ్మిది రెట్లు దాటుతుంది. ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సర్ నుంచి ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సైజుకు మారితే వైశాల్యం రెండింతలకు పైగా పెరుగుతుంది. ఈ లెక్కలో కొత్త మోడల్ వాటా ఎంతో పాఠకులే చూసుకోవచ్చు. నేనూ ఒకసారి పరీక్షించి చూశాను. మేజా దీపం కింద చేతి గడియారాన్ని పెట్టి, పదేళ్లు దాటిన నా కెమెరాతోనూ, మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్న కొత్త కెమెరాతోనూ, ఒకే లెన్స్ మార్చి మార్చి తగిలించి ఫొటోలు తీశాను. తెర మీద పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోలేకపోయాను. బాగా పెద్దది చేసి చూస్తే, తోలు పట్టీ మీద నీడ పడిన చోట మాత్రం పాత కెమెరా ఫొటోలో సన్నని ఇసుక చల్లినట్టు ఉంది. తేడా ఉందా అంటే ఉంది. దానికోసం రెండేళ్లు ఆగవచ్చా అంటే, నేనైతే ఆగను.

సెన్సర్లలో పురోగతి లేదని కాదు, అది వేరే దిక్కున సాగుతోంది. సోనీ 2009లో సెన్సర్ ముందున్న వైరింగ్‌ను వెనక్కి మార్చినప్పుడు చిన్న పిక్సెళ్లున్న సెన్సర్లకు గొప్ప మేలు జరిగింది. 2015లో అదే పద్ధతి ఏ7ఆర్ రెండో మోడల్‌తో ఫుల్ ఫ్రేమ్‌కు వచ్చేసరికి లాభం అంత కొట్టొచ్చినట్టు లేదు, ఎందుకంటే పెద్ద పిక్సెల్‌లో వైరింగ్ అడ్డు మొదటి నుంచీ తక్కువే. అసలైన మార్పు వేగంలో వచ్చింది. మామూలు సెన్సర్ ఫొటోను పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. కదిలే పరదా లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో, తిరుగుతున్న ఫ్యానును ఫొటో తీస్తే రెక్కలు కొడవళ్లలా వంగి కనిపించేది అందుకే. సెన్సర్ వెనుకే మెమరీని పేర్చి 2017లో సోనీ ఏ9 ఈ చదివే సమయాన్ని బాగా కుదించింది. 2021లో నికాన్ జడ్9 ఆ పరదాను, అంటే మెకానికల్ షట్టర్‌ను, ఏకంగా తీసేసింది. 2023లో ప్రకటించిన ఏ9 మూడో మోడల్ అన్ని వరుసలనూ ఒకే క్షణంలో పట్టుకుంటుంది. కాకపోతే దాని కనీస ఐఎస్ఓ, అంటే కాంతికి స్పందించే స్థాయి, 250, ముందు మోడల్‌కు అది 100. వేగం కోసం తక్కువ ఐఎస్ఓను వదులుకోవలసి వచ్చిందన్నమాట. ఆటలు, పక్షులు, వీడియో తీసేవారు ఈ తరం కోసం ఆగితే అర్థముంది. పెళ్లి ఫొటోలు, ప్రకృతి దృశ్యాలు తీసేవారికి కొత్త మోడల్ వచ్చిన వారమే పాతదాన్ని కొనడానికి మంచి సమయం.

కొత్తది వచ్చిన రోజే కొన్నవారికి పూర్తి సరుకు అందుతుందన్న హామీ కూడా లేదు. జడ్9లో సెకనుకు 60 ఫ్రేముల 8కె వీడియో 2022 ఏప్రిల్‌లో, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) రూపంలో వచ్చింది. అలాగని ఆగినకొద్దీ ధర తగ్గుతూనే పోతుందనీ అనుకోలేం. 2016 ఏప్రిల్‌లో జపాన్‌లోని కుమమోతోలో భూకంపం వచ్చి సోనీ సెన్సర్ల ఫ్యాక్టరీ ఆగిపోయినప్పుడు, సరుకు అందక, ఆ సెన్సర్ల మీద ఆధారపడిన ఇతర కంపెనీలకూ ఇబ్బంది తప్పలేదు.

నా వాదనకు ఒక చిక్కుంది. అది ఆటోఫోకస్. గడిచిన కొన్నేళ్లలో కెమెరాల్లో నిజంగా ఆశ్చర్యపరిచినది అదే, దాని ఘనత చాలావరకు ప్రాసెసర్‌ది. నేను చివరకు కెమెరా మార్చింది కూడా చుక్కల కోసం కాదు, పరుగెత్తే మా పాప కళ్ల మీద పాతదానికి ఫోకస్ నిలవడం లేదని. కొన్నది ఒక వరుసలో రెండో మోడల్. లోపలి సెన్సర్ మాత్రం మొదటి మోడల్‌దే.