రుద్రజడ వెన్ను వేసిందని మురిసిపోకండి

మిద్దె తోటలు పెంచే మిత్రులు తరచుగా పెట్టే ఫోటో ఒకటి ఉంటుంది. కుండీలో మూరెడు ఎత్తు బేసిల్ మొక్క, దాని నడినెత్తిన నిటారుగా లేచిన తెల్లని పూల వెన్ను, కింద "మా బేసిల్ పూసిందోచ్" అని ఒక మాట. నెల తిరక్కుండానే అదే ఇంటి నుంచి "ఆకులు చిన్నవైపోతున్నాయి, కాండం కట్టెలా మారుతోంది, ఏం మందు కొట్టమంటారు?" అని ప్రశ్న వస్తుంది. దానికి కొట్టవలసిన మందంటూ ఏదీ లేదు. నెల కిందట పట్టవలసిన కత్తెరను పట్టకపోవడమే ఆ మొక్కకు పట్టిన జబ్బు.

ముందుగా పేరు సంగతి. బేసిల్ అనగానే అదేదో ఓడ దిగి వచ్చిన మొక్క అన్నట్లు నర్సరీల్లో చిన్న కవరులో పెట్టి పెద్ద ధర చెబుతారు, మనమూ మారు మాట్లాడకుండా ఇచ్చి వస్తాం. అది మన రుద్రజడే. భూతులసి అని కూడా అంటారు. ఎండాకాలం నిమ్మరసంలో నానబెట్టుకుని తాగే సబ్జా గింజలు ఈ మొక్కవే. నమ్మకం కలగకపోతే కిరాణా కొట్టులో కొన్న సబ్జా పొట్లంలోంచి చిటికెడు తీసి తడి మట్టి మీద చల్లి చూడండి. పైన మట్టి మందంగా కప్పకుండా ఉంటే వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. ఇటలీలోని జెనోవా ఊరి బేసిల్ రకానికి ఉండే దొప్పల్లాంటి వెడల్పాటి ఆకు దీనికి రాదు. ఆకు సన్నగా ఉంటుంది, వాసనలో సోంపు, లవంగం తగులుతాయి. మన వంటకు ఆ ఘాటే నయమని నా అభిప్రాయం.

ఇక వెన్ను వేయడమంటే ఏమిటో చూద్దాం. ఈ మొక్కకు పూలు ఆకుల పక్కన కాకుండా కొమ్మ కొసన వస్తాయి. కొసన మొగ్గ పడిందంటే ఆ కొమ్మ ఇక అక్కడితో ఆగినట్లే, దాని మీద కొత్త ఆకు రాదు. రుద్రజడ ఏడాది మొక్క. గింజ కట్టి రాల్చడంతో దాని పని తీరిపోతుంది కనుక ఉన్న సత్తువంతా గింజకే పోస్తుంది. ఎండ ముదిరినా, కుండీలో తడి ఆరి మొక్క వాడినా ఈ తొందర మరీ ఎక్కువవుతుంది. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లో మన ఊళ్లలో బేసిల్ మొక్కలు ఎదగకముందే పూతకు వస్తాయి.

పత్తిలోనూ చామంతిలోనూ తలలు తుంచడం మన రైతులకు కొత్త కాదు. చేలో అంత నిశ్చింతగా చేసే పనికి కుండీ దగ్గర మాత్రం చేతులు ఎందుకు వణుకుతాయో నాకు అర్థం కాదు. మొక్క జానెడు ఎత్తుకు వచ్చి నాలుగు జతల ఆకులు వేసిన తర్వాత దగ్గరకు వంగి చూడండి. ఎదురెదురుగా ఉన్న ఆకుల జత కాండాన్ని అంటుకునే మూలలో, రెండు వైపులా, నువ్వు గింజంత పచ్చని మొగ్గలు ముడుచుకుని ఉంటాయి. తలలో చిగురు ఉన్నంత కాలం అది తయారుచేసే ఆక్సిన్ అనే పదార్థం కిందికి దిగుతూ ఆ మొగ్గలను లేవనివ్వదు. కింది నుంచి రెండో జతకో మూడో జతకో కాస్త పైన గిల్లేస్తే, ఆ రెండు మొగ్గలూ వారం లోపే కళ్లు తెరుస్తాయి. ఒక కొమ్మ రెండవుతుంది. రెండు మూడు వారాల తర్వాత ఆ రెండింటినీ తుంచితే నాలుగు, మరోసారి తుంచితే ఎనిమిది. నేను మొదటి ఏడాది చేసిన పొరపాటు, పైన తలను వదిలేసి కింది పెద్ద ఆకులను ఒక్కొక్కటిగా కోసుకోవడం. మొక్క అడుగున బోడిగా, పైన గొడుగులా తయారై ఒక గాలివానకు పడిపోయింది. ఒక్కసారిగా మూడో వంతుకు మించి కోయకూడదు; ఆకు లేని గోధుమరంగు కట్టె దాకా దిగకూడదు, ఎందుకంటే రుద్రజడ ఆ కట్టెలోంచి చిగురించడం అరుదు. తుంచిన కొమ్మల్లో పూత లేని వాటిని కింది ఆకులు తీసి గ్లాసు నీళ్లలో నిలబెడితే పది రోజుల్లో వేళ్లు వస్తాయి, కొత్త కుండీకి మొక్క ఊరికే దొరుకుతుంది. దయచేసి వాటిని ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి ఆకులు నల్లబడతాయి.

ఈ విషయం మా వీధిలో చెప్పినప్పుడు పక్కింటి పిన్నిగారు నొచ్చుకున్నారు. "ఎంతైనా తులసి జాతే కదమ్మా, తలకాయ కొయ్యమంటావా?" అన్నారు. ఆవిడ నొచ్చుకోవడం న్యాయమే. మనలో చాలామందికి ఆ బెరుకు ఉంది. కానీ పూర్వపు ఇళ్లలో కోటలోని తులసి ఎందుకు అంత గుబురుగా ఉండేదో ఆలోచించండి. రోజూ పూజకు దళాలు కోసేవారు, దళమంటే చాలాసార్లు లేత చిగురు కొసే. సహస్రనామార్చన ఉన్న రోజున బుట్ట నిండేది. ద్వాదశి నాడు కోయవద్దు, పొద్దు గూకిన తర్వాత కోయవద్దు అని నియమం పెట్టిన పెద్దలు, మిగిలిన వేళల్లో కోస్తారని ఎరిగే కదా పెట్టారు! ఇప్పుడు మనం దీపం పెట్టి, ప్రదక్షిణం చేసి, దండం పెట్టుకుని వెళ్లిపోతున్నాం, కోసేవారు లేరు. వెన్నుల మీద వెన్నులు వేసి, అవి ఎండి నల్లబడి, క్షీరాబ్ది ద్వాదశికి ఉసిరి కొమ్మ పక్కన నిలబెట్టే సమయానికి తులసమ్మ పుల్లల్లా కనిపిస్తుంది. అప్పుడు ఇంటికి ఏదో అరిష్టమని బెంగ పెట్టుకుంటాం. ఇన్నాళ్లూ దళం కోయకపోవడమే కారణమని మాత్రం ఎవరికీ తట్టదు.

సరే, తుంచాం. తుంచిన వెన్నులను చెత్తబుట్టలో వేసేవారి మీద నాకు ఇంకా పెద్ద ఫిర్యాదు ఉంది. జెనోవా వాళ్ల పెస్టో పచ్చడికి పూతకు రాని లేత మొక్కలనే వాడతారు, నిజమే. వాళ్ల బేసిల్‌కు 2005లో యూరోపియన్ యూనియన్ ప్రాంతీయ గుర్తింపు కూడా ఇచ్చింది. దాన్ని చదివి, పూత వచ్చిన బేసిల్ వంటకు పనికిరాదని మనవాళ్లు తీర్మానించేశారు. థాయ్ వంటలో వాడే ఊదారంగు కాడల బేసిల్‌ను పూమొగ్గలతో సహా పళ్లెంలో పెడతారు. మనం మాత్రం ఒక్క దేశం పద్ధతినే శాస్త్రంగా పట్టుకున్నాం.

అయితే ఏ వెన్నునైనా వాడవచ్చని నేను అనను. ఒక వెన్నును చేతిలోకి తీసుకుని చూడండి. కాడ చుట్టూ వలయాలుగా, వలయానికి ఆరేసి పూలు ఉంటాయి. అడుగు వలయం ముందు విచ్చుకుంటుంది, పైవన్నీ పచ్చని మొగ్గలుగానే ఉంటాయి. అడుగున రెండు మూడు వలయాలు విచ్చుకున్న దశే వంటకు సరైన దశ. ఎండ ఎక్కకముందు కోసి, కొస పట్టుకుని రెండు వేళ్లతో కిందికి దూస్తే పూలు, మొగ్గలు అరచేతిలోకి రాలతాయి, కాడను పారేయవచ్చు. వేళ్లకు పట్టిన వాసన మధ్యాహ్నం దాకా పోదు. తెల్ల రేకులు రాలి, అడుగున గిన్నెలాంటి తొడిమ గోధుమరంగుకు తిరిగిందంటే అందులో నాలుగేసి గింజలు తయారైనట్లే. ఈ సంగతి నేను తెలుసుకున్నది ఒక విందు రోజున. ముదురు వెన్నులనే దూసి పెరుగు పచ్చడిలో కలిపి, చుట్టాలు వచ్చేదాకా గంటసేపు మూత పెట్టి ఉంచాను. మూత తీసేసరికి గింజలన్నీ సబ్జాలై ఉబ్బి, పచ్చడి జిగురు జిగురుగా సాగుతోంది, మధ్యలో తొడిమలు ఊకలా పళ్లకు తగులుతున్నాయి. మా చిన్న మరిది దాన్ని ఫలూదా అనుకుని చక్కెర అడిగాడు.

లేత పూలతో ఆ ఇబ్బంది లేదు. పూల రుచి ఆకు రుచికన్నా ఘాటుగా, వెనక సన్నని చేదుతో ఉంటుంది కనుక కొంచెమే చాలు. నలుగురికి చేసే పెరుగు పచ్చడికి ఒక చెంచాడు. పోపు వేడి తగ్గిన తర్వాతే కలపాలి, మరుగుతున్న నూనెలో వేస్తే వాసన వంటిల్లంతా తిరుగుతుంది గాని గిన్నెలో మిగలదు. టమాటా చారు దింపేసి మూత పెట్టేముందు చల్లినా బాగుంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది షర్బత్తు. గ్లాసు నీళ్లలో గ్లాసు చక్కెర కరిగించి, పొయ్యి ఆపి, గుప్పెడు పూలు వేసి మూత పెట్టి, చల్లారిన తర్వాత వడకట్టి నిమ్మరసం పిండుకోవాలి. తాగేముందు చల్లని నీళ్లు, నానిన సబ్జా కలిపితే ఒకే మొక్క పువ్వూ గింజా ఒకే గ్లాసులో కలుస్తాయి. పచ్చి పూలను నూనెలో వేసి బల్ల మీద నెలల తరబడి ఉంచే అలంకారపు సీసాల జోలికి మాత్రం పోవద్దు. నూనె కింద గాలి ఆడని చోట ప్రమాదకరమైన విషం పుట్టించే సూక్ష్మజీవులు పెరగగలవు. చేసుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.

తేనెటీగల మాటేమిటని అడిగేవారికి నా దగ్గర వాదన లేదు, వాళ్ల మాట నిజం. రుద్రజడ పూత మీద ఉదయమంతా ఈగలు ముసురుతాయి, ఆ వచ్చినవే కాకర, దోస పూల మీద కూడా వాలతాయి. అందుకే నాలుగు కుండీల్లో ఒకదాన్ని కత్తెర తాకకుండా వదిలేస్తాను. వచ్చే ఏడాదికి గింజలూ దాని నుంచే.

తులసి వెన్నుల సంగతి కొంచెం వేరు. అందులో యూజినాల్ అనే ఘాటైన పదార్థం ఎక్కువ, లవంగంలో ఉండేదీ అదే, కనుక నాలుకకు చురుక్కుమంటుంది. పచ్చళ్లలో నప్పదు, మిరియాల చారులోనూ అల్లం వేసి కాచే కషాయంలోనూ చక్కగా ఒదుగుతుంది. పూజ చేసే మొక్కను వంటకు కోయడం నాకూ మనసొప్పదు. అందుకని మా ఇంట్లో కోటలోని తులసమ్మ వేరు, వంకాయ తొట్టి పక్కన పెరిగే తులసి వేరు. కోటలోని వెన్నులను లేతగా ఉన్నప్పుడే తీసి దేవుడి పటం దగ్గర పెడతాం. తొట్టిలోని వెన్నులు, రుద్రజడ వెన్నులు కలిపి చాటలో నీడన నాలుగు రోజులు ఆరబెట్టి, గలగలమన్న తర్వాత దూసి, రాతి ఉప్పుతో కలిపి రోట్లో కచ్చాపచ్చాగా దంచి సీసాకు ఎత్తుకుంటాను. దోర జామకాయ ముక్కల మీద ఆ ఉప్పు చల్లితే మా ఇంట్లో కారం డబ్బా కోసం ఎవరూ లేవరు.