డీవీఆర్ పాస్‌వర్డ్ వీడియోను కాపాడదు

బెజవాడ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో డీవీఆర్ (సీసీ కెమెరాల వీడియోను దాచే పెట్టె) గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "డీవీఆర్‌కు గట్టి పాస్‌వర్డ్ పెడితే చాలు, లోపలి వీడియోను ఎవరూ చూడలేరు, మార్చలేరు. ఎన్‌క్రిప్షన్, డిజిటల్ సంతకం అనేవి అమ్మేవాళ్ల కబుర్లు. తేదీ, టైము స్క్రీన్ మీదే పడతాయి కాబట్టి కోర్టుకు అదే చాలు" అని. గవర్నరుపేటలో కెమెరాలు బిగించి, రిపేరు చేసి బతికేవాణ్ణి. పాస్‌వర్డ్ పెట్టుకోమనడం వరకు మంచిదే. మిగతాది నమ్మితే నష్టపోతారు.

ముందు "ఎవరూ చూడలేరు" అన్న మాట. ఆ పాస్‌వర్డ్ డీవీఆర్ మెనూకి తాళం, డిస్కుకి కాదు. మొన్న వన్‌టౌన్ నుంచి ఒక బట్టల కొట్టాయన పాస్‌వర్డ్ మర్చిపోయి పెట్టె పట్టుకొచ్చారు. స్క్రూలు విప్పి, హార్డ్ డిస్కు తీసి నా కంప్యూటర్‌కు తగిలించి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే, ఆయన గల్లాపెట్టె దగ్గరి వీడియో ఆడింది. పాస్‌వర్డ్ అడగనే లేదు. "అయితే దొంగ ఈ పెట్టె ఎత్తుకుపోతే మా ఇంట్లో ఆడవాళ్లు కూడా కనిపిస్తారా అండీ?" అన్నారాయన. కనిపిస్తారు. డిస్కులోకి ఎక్కేటప్పుడే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ అనే రహస్య సంకేతం ఉంటేనే చదవగలిగేలా మారిపోయి ఉంటే, ఆ కీ లేనివాడికి ఏమీ కనిపించదు.

"మార్చలేరు" అన్నదానికి ఎన్‌క్రిప్షన్ ఒక్కటీ సరిపోదు. కీ ఉన్న మనిషి తెరిచి, పది నిమిషాలు కోసేసి, మళ్లీ తాళం వేసేయొచ్చు. అక్కడ కావాల్సింది సంతకం. కెమెరా లోపలి రహస్య కీతో, కొన్ని ఫ్రేములకొకసారి వాటి హాష్ (డేటా నుంచి లెక్కగట్టిన, వేలిముద్ర లాంటి సంకేతం) మీద సంతకం పడుతుంది. తర్వాత ఒక్క ఫ్రేము మారినా లెక్క కుదరదు. ఇలా సంతకం పడిన ప్రతి ఫ్రేముల గుంపునూ దాని ముందు గుంపుతో ముడివేస్తే, మధ్యలో కోసిన చోటు కూడా బయటపడుతుంది. చెరపడాన్ని సంతకం ఆపలేదు, చెరిపిన సంగతి మాత్రం దాగనివ్వదు.

స్క్రీన్ మీద టైము అంటారా, అది పెట్టె గడియారం చెప్పిన మాట. లోపలి బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయి రాగానే 2000 జనవరి 1కి వెళ్లిపోయిన పెట్టెలు నా బల్ల మీదకు ఎన్నో వచ్చాయి.

ఇక కోర్టు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైలు హాష్ రాయాలి. హాష్ లెక్కగట్టే పద్ధతులైన ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1, ఎస్‌హెచ్‌ఏ-256 పేర్లు ఆ సర్టిఫికెట్ నమూనాలోనే ఉంటాయి. 256నే ఎంచుకోండి. రెండు వేరే ఫైళ్లకు ఒకే హాష్ రప్పించవచ్చని ఎండీ5 మీద 2004లో, ఎస్‌హెచ్‌ఏ-1 మీద 2017లో చేసి చూపించారు. వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, అది కుదించేస్తుంది, హాష్ మారిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైలే ఇవ్వండి. అయినా ఆ హాష్ కాపీ తీసిన క్షణం నుంచే కాపలా కాస్తుంది, అంతకుముందు ఏం జరిగిందో చెప్పదు.

తక్కువ ధర పెట్టెల్లో చాలావాటికి ఈ సంతకం సదుపాయం ఉండదు, నిజమే. అందుకే కొత్తది కొనేటప్పుడు కొట్టువాణ్ణి అడగండి: సంతకం కెమెరాలోనే పడుతుందా, వీడియో డీవీఆర్‌కు చేరాక పడుతుందా?