పాలరాతి గేరేజీ

పర్లాకిమిడిలో ఉండే మా చిన్నాన్న రైల్వేలో రిటైరయ్యాక కారు కొనలేదు గానీ కారు షెడ్డు మాత్రం కట్టించాడు. అందులో డ్రిల్లు, గ్రైండరు, రంపాలు, పానాలు, ఏ బండికీ పట్టని బోల్టులు. వానాకాలానికి గోడలు చెమ్మెక్కి సున్నం పెళ్లలు రాలడంతో ఏదో ఒకటి తొడిగించక తప్పలేదు.

చిన్నాన్న మనసంతా ప్లైవుడ్ మీదే. ఎనిమిదడుగులకి నాలుగడుగుల షీటు, 12 ఎం.ఎం. మందం. ఎక్కడ స్క్రూ దించినా పట్టుకుంటుంది.

"చెదలు," అంది పిన్ని. పర్లాకిమిడిలో ఆ మాటకి తిరుగు లేదు.

జిప్సం బోర్డు? తడి తగిలితే ఉబ్బుతుంది, షెడ్డు తలుపు కిందేమో వాన నీళ్లు రానూ పోనూ. చివరికి కొట్టువాడు పాలరాతి డిజైను పీవీసీ ప్యానెళ్లు చూపించాడు. "చెద పట్టదు, నీళ్లకి పాడవదు, తుడిస్తే మెరుస్తుంది." మూడూ నిజమే. లోపల డొల్ల అన్న నాలుగోది మాత్రం ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

"ఏటండీ, పెళ్లి మండపంలా ఉంది!" అని పిన్ని మురిసిపోయింది. చిన్నాన్న ఆ మండపానికే వరసగా హుక్కులు బిగించి సామానంతా తగిలించాడు.

అర్ధరాత్రి ఢామ్మని మోత. పక్కింటి ఒడియా మేస్టారు "చోరొ! చోరొ!" అంటూ కర్రతో గోడ దూకొచ్చారు. టార్చి వేస్తే సుత్తులు, పానాలు కింద, గోడకి కన్నాలు. "దొంగ కాదు మేస్టారూ, హుక్కులూడాయి," అని చిన్నాన్న గొణిగాడు. ఆయనకి టీ ఇచ్చి పంపాల్సి వచ్చింది. రెండు గంటలకి!

ఇక గ్రైండరు సంగతి. పీవీసీ 80 డిగ్రీలకే మెత్తబడుతుంది. నిప్పురవ్వలు చిమ్మిన చోటల్లా పాలరాతికి అమ్మవారు పోసినట్టు గోధుమరంగు మచ్చలు.

చివరికి వడ్రంగి వచ్చి ప్యానెళ్లూడదీసి, పట్టీల మీద చెద మందు కొట్టిన ప్లైవుడ్, గ్రైండరు వెనక సిమెంటు బోర్డు బిగించాడు.

ప్యానెళ్లని పిన్ని పారెయ్యనివ్వలేదు. పూజగది గోడకి వేయించింది. మచ్చలేమిటని అడిగినవాళ్లకి అగరబత్తి తగిలిందని చెబుతోంది.