1977 మే 8వ తేదీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 1977 మే 8వ తేదీ గారు, బార్టన్ హాల్, కార్నెల్ యూనివర్సిటీ, ఇథాకా, న్యూయార్క్ రాష్ట్రం వారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనా అని అడగాల్సిన పని లేదు. తమరి యోగక్షేమాల మీద ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు నివేదిక ఇస్తూనే ఉన్నారు. "నిన్న రాత్రి మళ్లీ విన్నాను, ఇదివరకటి కంటే బాగుంది" అని రాస్తారు. ఒకసారి రికార్డయిపోయిన పాట ఇదివరకటి కంటే బాగా ఎలా ఉంటుందని నాలాంటి మట్టిబుర్రలకు సందేహం వస్తుంది. పైకి అనం. అంటే ఏమవుతుందో తెలుసు.

ఇది బహిరంగ లేఖ గనక, తమరెవరో తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పనివ్వండి. గ్రేట్‌ఫుల్ డెడ్ అని కాలిఫోర్నియా బ్యాండ్ ఒకటి ఉండేది. 1965లో మొదలై, 1995లో దాని గిటారిస్టు, గాయకుడు జెర్రీ గార్సియా పోవడంతో ఆగిపోయింది. ఆ 30 ఏళ్లలో 2,300కు పైగా కచేరీలు చేశారు. వాటిలో బార్టన్ హాల్లో చేసిన ఒక రాత్రి తమరు. ఈ రాత్రి పాటల వరస రేపు రాత్రి ఉండదు. పాట మొదలుపెడతారు, మధ్యలో మాటలు వదిలేస్తారు, మన సంగీతంలో మనోధర్మం అంటామే, దాని చెయ్యి పట్టుకుని ఎటో వెళ్లిపోయి పావుగంట తర్వాత వేరే పాటలో తేలతారు. జామ్ అంటే ఇదే. ఒక్కోసారి తేలరు కూడా. ఆ రాత్రులూ టేపుల్లో భద్రంగానే ఉన్నాయి. ఇలాంటి వాళ్ల స్టూడియో ఆల్బమ్ ఒకటి కొని ఇంట్లో పెట్టుకుంటే ఏం తెలుస్తుంది? ఏ ఊళ్లో ఏ రాత్రి ఏం జరిగిందో వినాలి. అందుకే జనం టికెట్టుతో పాటు మైకూ టేప్ రికార్డరూ పట్టుకుని హాలుకు రావడం మొదలుపెట్టారు.

మరో బ్యాండయితే మెడ పట్టి గెంటించేది. వీళ్లు చాలావరకు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. చివరికి మైకు కర్రలు అడవిలా పెరిగి అందరికీ అడ్డమవుతుంటే, 1984 అక్టోబర్‌లో బర్క్‌లీ కచేరీల దగ్గర టేపర్లకు, అంటే ఈ రికార్డు చేసుకునేవాళ్లకు, విడిగా టికెట్లు పెట్టి, సౌండ్‌బోర్డు (వాయిద్యాల ధ్వనులు కలిపే మిక్సర్) వెనకాల చోటిచ్చారు. షరతు ఒక్కటే. ఎన్ని కాపీలైనా తీసుకోండి, ఎవరికైనా ఇవ్వండి, అమ్మడం మాత్రం కుదరదు.

అమ్మకూడదన్న ఆ షరతే తమరిని ఇంతవారిని చేసిందని నా అనుమానం. ధరంటూ ఉంటే, ఖరీదైనదే గొప్పదనుకుని సరిపెట్టుకునేవాళ్లు. ఇక్కడ ధర లేదు. ఖాళీ క్యాసెట్లూ తిరుగు పోస్టేజీ పంపితే, ముఖం కూడా చూడని మనిషి కచేరీ ఎక్కించి పంపేవాడు. అయితే ఒక కచేరీ పట్టాలంటే 90 నిమిషాల క్యాసెట్లు రెండో మూడో కావాలి. పోస్టులో వెళ్లి రావడానికి వారాలు పడుతుంది. ఇన్ని వందల రాత్రుల్లో దేనికోసం ఉత్తరం రాయాలి? విన్నవాడెవడో చెప్పాలి. అలా పుట్టాడు రివ్యూ రాసేవాడు. అప్పట్లో అతను నిజంగా పనికొచ్చేవాడు. "రెండో క్యాసెట్టు బి సైడు మధ్యలో కోత ఉంది, చూసుకో" అని చెప్పి పుణ్యం కట్టుకునేవాడు. ఇప్పుడు తమరితో సహా ఆ కచేరీల్లో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో వేలు పెడితే పలుకుతాయి. పైసా ఖర్చు లేదు, నచ్చకపోతే ఆపేయొచ్చు. ఇక ఒకరి అభిప్రాయంతో పనేముంది? పని లేకపోయినా అభిప్రాయాలు ఆగలేదు. తీరిక కూడా దొరికింది కదా, ఇంకా పొడుగయ్యాయి.

సంగీతం దాకా రావాలంటే ముందు ప్రవర చెప్పాలి. పెళ్లిలో పురోహితుడైనా ముత్తాత, తాత, తండ్రి అని మూడు తరాలతో ముగిస్తాడు. టేపు ప్రవర అంతటితో తెమలదు. సౌండ్‌బోర్డు నుంచి రీలు, రీలు నుంచి డ్యాటు (డిజిటల్ టేపు), డ్యాటు నుంచి సీడీ, సీడీ నుంచి హార్డ్‌డిస్కు, అక్కడి నుంచి శబ్దంలో ఏమీ వదలని ఫ్లాక్ ఫైలు. ఏ డెక్కు మీద ఎక్కించారు, ఏ సాఫ్ట్‌వేర్‌తో స్పీడు సరిచేశారు, అన్నీ అందులో ఉండాలి. మధ్యలో ఎక్కడైనా, సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత వదిలేసే ఎంపీ3 ఒకటి దూరిందని తేలిందా, ఇక ఆ సంబంధం తప్పిపోయినట్టే. దీనికి ఒకప్పుడు కారణం ఉండేది, కాదనను. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించిన ప్రతిసారీ బుసబుస శబ్దం కొంత పెరుగుతుంది. నాలుగైదు చేతులు మారేసరికి గిటారు కంటే బుసే ముందు వినిపిస్తుంది. అందుకే ఎన్నో తరం కాపీ అని అడిగేవారు. ఫ్లాక్ ఫైలును వెయ్యిసార్లు కాపీ చేసినా ఆ జబ్బు రాదు. జబ్బు పోయింది, పథ్యం మిగిలింది.

ఇందులో మళ్లీ వర్గాలు. నేరుగా మిక్సర్ నుంచి తీసిన టేపు సౌండ్‌బోర్డు. ప్రతి వాయిద్యం విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తుంది, హాల్లో జనం ఉన్నారా లేదా అన్నది మాత్రం అనుమానమే. జనం మధ్యలో మైకు పెట్టి తీసినది ఆడియన్స్ టేపు. అందులో హాలు ఉంటుంది, ఈలలు ఉంటాయి, పక్కవాడి కబుర్లు ఉంటాయి, వాడిని ఊరుకోమనే టేపరు విసుగూ ఉంటుంది. రెండూ కలిపి మాట్రిక్స్ అని చేస్తారు. అందరినీ మెప్పించడానికి చేశారు కాబట్టి రెండు వర్గాలూ కలిసి తిడతాయి.

ఇక తమరి మీద వచ్చే రివ్యూల సంగతి. (తమరిని ఊరి పేరుతో పిలిచేవాళ్లూ ఉన్నారు గానీ, ముదిరినవాళ్లంతా "ఐదు, ఎనిమిది, డెబ్భై ఏడు" అనే అంటారు. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు. మనవాళ్లెవరైనా ఆగస్టు 5 అనుకుని వెతికితే దొరకరు.) మొదటి రకం రచయిత ఆ రాత్రి హాల్లో ఉన్నవాడు. మే నెలలో ఇథాకాలో మంచు పడింది, నిజమే. ఇప్పుడు ఆ మంచు గురించి రాయకపోతే అక్కడున్నట్టు రుజువు కాదు. మంచు, చలి, బయటికొచ్చాక స్నేహితుడి కారు స్టార్ట్ కాకపోవడం, కొన్నాళ్లకు ఆ స్నేహితుడి పెళ్లి, ఇవన్నీ అయ్యాక చివర్లో "కచేరీ అద్భుతం" అని ఒక ముక్క. పైగా ఒక్కోసారి నాకు అనిపిస్తుంది, అక్కడున్నామని చెప్పేవాళ్లందరినీ లోపలికి పంపితే బార్టన్ హాలు గోడలు పక్కకు జరపాల్సి వచ్చేదని.

రెండో రకం వాడి చేతిలో గడియారం ఉంటుంది. రెండో సెట్‌లో, అంటే విరామం తర్వాత, 'స్కార్లెట్ బిగోనియాస్' నుంచి 'ఫైర్ ఆన్ ది మౌంటెన్' లోకి బ్యాండ్ జారుకుంటుంది. రెండూ కలిపి 25 నిమిషాల పైమాటే. ఒప్పుకుంటాను, ఆ జారుడులో ఎక్కడ మొదటి పాట అయిపోయిందో ఎక్కడ రెండోది మొదలైందో తెలియకపోవడమే దాని అందం. ఈయన పనల్లా అది ఏ సెకనులో జరిగిందో తేల్చడం. ఈయన తేల్చింది తప్పని ఇంకొకాయన తేలుస్తాడు. ఫిల్ లెష్ బాస్ గిటారు గట్టిగా మోగిస్తే దాన్ని బాంబు అంటారు. ఎన్ని పడ్డాయో, ఎక్కడెక్కడ పడ్డాయో దానికీ పట్టిక. సెట్ మొదట్లో జనం తోసుకుంటుంటే బ్యాండ్‌లో పాడే బాబ్ వియర్ "ఒక్క అడుగు వెనక్కి వేయండి" అని బతిమాలతాడు చూడండి, ఆ అనౌన్స్‌మెంటుకు కూడా విడిగా ట్రాకు, దాని మీదా వ్యాఖ్యానం.

మూడో రకం ఎదురు వర్గం. "కార్నెల్‌ను మరీ ఎత్తేశారు. మర్నాడు బఫెలోలో చేసిందే అసలు కచేరీ" అంటారు. ఇంకొందరు ముందు రోజు బాస్టన్ అంటారు. ధైర్యవంతులు కదా అని సంతోషిస్తామా, వాళ్లు మే 8ని దాటి మే 9కి వెళ్లడమే తిరుగుబాటు అనుకుంటున్నారు! ఆ నెల దాటరు. తమరిని తిట్టే రివ్యూలో తమరి పేరు పొగిడేవాడి కంటే ఎక్కువసార్లు వస్తుంది. ఆ మహానుభావులు కూడా చివరికి ఐదు నక్షత్రాలకు నాలుగున్నర కంటే తగ్గించరు. నాలుగు నక్షత్రాలిస్తే చావు కబురు చెప్పినట్టు. అన్నట్టు, అసలు అలాంటి కచేరీ జరగనే లేదని, అంతా కట్టుకథ అని ఒక సరదా ప్రచారం కూడా ఉంది. అన్ని రివ్యూలూ చదివాక నాకు అదే కాస్త ఊరటగా అనిపించింది.

కోపగించుకోకపోతే ఒక మాట. తమరి కీర్తిలో తమరి వాటా ఎంత? ఆ వసంతంలో బ్యాండ్ రాత్రి తర్వాత రాత్రి బాగానే వాయించింది. తమరి అదృష్టమల్లా బ్యాండ్ కచేరీలు రికార్డు చేసే బెట్టీ క్యాంటర్-జాక్సన్ ఆ రాత్రి టేపు తిప్పడం. ఆవిడ చెవి అలాంటిది. వాయిద్యాలు ఒకదాని మీద ఒకటి పడవు, హాల్లో కూర్చున్నవాడికి కూడా అంత స్పష్టంగా వినిపించి ఉండదు. తర్వాత ఆవిడకు చేతిలో డబ్బులాడని రోజులొచ్చాయి. టేపులు దాచిన అద్దె గోదాముకు అద్దె కట్టలేకపోయింది. 1986లో ఆ సరుకంతా వేలం వేశారు. కొన్నవాళ్ల దగ్గర నుంచి కాపీలు లోకం మీద పడ్డాయి. అంటే తమరి పేరులో సగం ఒక స్త్రీ చెవిది, ఇంకో పావు కట్టని అద్దెది. ఆ టేపులకు బెట్టీ బోర్డులని పేరు పెట్టి గౌరవించారు, బాగానే ఉంది. ఆ అద్దె ఎవరైనా కట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఎక్కడైనా ఒక రివ్యూ గార్సియా సోలో పక్కన పెట్టి రెండు పేరాలు ఆ గోదాము గురించి రాస్తే, నేను ఆ రివ్యూకి నక్షత్రాలిస్తాను.

తర్వాతి కథ ఇంకా విచిత్రం. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దేశం దాచుకోవాల్సిన రికార్డింగుల పట్టీలో తమరిని 2011 జాబితాలో చేర్చింది. అప్పటికి తమరు అధికారికంగా విడుదలే కాలేదు! ప్రభుత్వం అచ్చంగా చేతులు మారిన టేపుకు పట్టం కట్టింది. మూలప్రతులు తిరిగి బ్యాండ్ చేతికొచ్చి, షాపులోకి వచ్చేసరికి 2017. అప్పటికే తమరిని రకరకాల ప్రవరలతో దాచుకున్నవాళ్లంతా వెళ్లి మళ్లీ డబ్బులిచ్చి కొన్నారు. కొని, పాతదే బాగుందని రాశారు. వీళ్లే 2005 నవంబర్‌లో, ఆర్కైవ్‌లో డౌన్‌లోడ్లు ఆపించారని బ్యాండ్ మీద విరుచుకుపడ్డారు. బ్యాండ్ దిగొచ్చి, ఆడియన్స్ టేపులు దించుకోండి, సౌండ్‌బోర్డులు మాత్రం అక్కడే వినండి అంది. ఉచితంగా ఇచ్చినవాడు ఇవ్వడం కాస్త తగ్గించాడని పిటిషన్ మీద సంతకాలు చేయడం చూస్తే, వీళ్లలో మనవాళ్లెవరైనా ఉన్నారేమోనని అనుమానమొచ్చింది.

మనవాళ్లంటే గుర్తొచ్చింది. మన ఊళ్లలోనూ శ్రీరామనవమి పందిళ్ల ముందు టేప్ రికార్డరు పెట్టి హరికథలూ కచేరీలూ ఎక్కించుకున్నవాళ్లున్నారు. ఆ క్యాసెట్ల మీద ఊరుంటే తేదీ ఉండదు, తేదీ ఉంటే కథకుడి పేరుండదు. కొన్నిటి మీద తర్వాత సినిమా పాటలు ఎక్కించారు. రాగం ఏ సెకనులో మారిందని కొట్టుకునే పిచ్చివాళ్లు ఒక పదిమంది మనకూ ఉంటే, కనీసం ఆ సినిమా పాటలైనా అడ్డుకునేవారు. ఇంతకంటే పొగడలేను.

ఇక నా మనవి. తమరు ఒక ఏడాది సెలవు పెట్టండి. ఆ ఏడాది తమరితో ఎవరినీ పోల్చకూడదు. పాటల మాటలు మర్చిపోయిన రాత్రి, తీగ తెగిన రాత్రి, అలసిపోయి త్వరగా ముగించిన రాత్రి, ఏదో మామూలు ఊళ్లో మామూలు మంగళవారం, జామ్ మంచి ఊపులో ఉండగా సైడు 45 నిమిషాలూ అయిపోయి, టేపరు క్యాసెట్ తిప్పేలోపు మధ్యముక్క మాయమైన రాత్రి, వాళ్లక్కూడా శ్రోతలు దొరుకుతారు. ఆ రాత్రులకు ఒక్కో రివ్యూనో రెండో ఉంటాయి. "బాస్ సరిగ్గా వినపడదు. అయినా విన్నాను" అని ఉంటుంది. నాకు అలాంటి రివ్యూ మీద నమ్మకం ఎక్కువ. తమరి సెలవు చీటీ మీద సిఫారసు సంతకం కావాలంటే బఫెలో వారు పెడతారు, అడిగి చూడండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరిని రేపు మళ్లీ వినబోయే
ఒక విధేయుడు

తా.క.: సెకన్లు లెక్కపెట్టే ఇంతమంది ఉండగా అడగడానికి మొహమాటంగా ఉంది. ఆ రోజు ఆదివారం. చివర్లో మళ్లీ స్టేజీ ఎక్కి పాడిన పాట 'వన్ మోర్ సాటర్‌డే నైట్'. వారం తప్పినందుకు కనీసం పావు నక్షత్రం తగ్గించకూడదా?