తాతయ్య గదిలో వెన్న

కుకీల రెసిపీలు రాసేవాళ్ళు మే నెలలో ఒక్కసారి విజయవాడ వచ్చి మా వంటింట్లో పది నిమిషాలు నిలబడాలని నా కోరిక. ‘బటర్ రూమ్ టెంపరేచర్‌లో ఉండాలి’ అని తేలిగ్గా రాసిపారేస్తారు. వాళ్ళ రూమ్ 20 డిగ్రీలు, మాది 40. వెన్న 35 దగ్గరికి వస్తే చాలు, కరిగి నూనె అయిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి గట్టు మీద పెట్టి కాసేపు ఆగి చూస్తే అదే జరిగింది.

“చల్లటి గదిలో పెట్టరా” అంది డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో అక్క. మా ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే, అందులో తాతయ్య కునుకు తీస్తున్నారు. తమ్ముడు చప్పుడు చేయకుండా వెళ్ళి కొత్త వెన్న ముక్కని ఆయన మంచం పక్కన స్టూల్ మీద పెట్టి, 27 మీద ఉన్న ఏసీని 20కి దించి వచ్చాడు. పాపం ఆయన నిద్రలోనే దుప్పటి కోసం తడుముకున్నారు.

పిండి కుదిరింది. “ఓవెన్ 350 పెట్టు” అంది అక్క. అది ఫారెన్‌హీట్, మన లెక్కలో 177. మా ఓటీజీ, అదే చిన్న కరెంటు ఓవెన్, మీద 250 దాటి అంకే లేదు. మావాడేమో ఉన్నదాంట్లో ఎక్కువ పెడదామని చివరిదాకా తిప్పేశాడు! అంచులు బొగ్గు, నడుమ పచ్చిపిండి, వెనక వరసైతే మరీ ఘోరం.

రెండో వాయి 180లోనే పెట్టాడు గానీ, కాలుతున్న ట్రే మీదే ముద్దలు పెట్టడంతో అవి లోపలికి వెళ్ళకముందే కరిగి, అన్నీ కలిసి ఒకటే పెద్ద బిళ్ళ అయ్యాయి. ట్రే చల్లారాలి, ముద్దలు అరగంట ఫ్రిజ్‌లో ఉండాలి, సగం కాలాక ట్రే వెనకవైపు ముందుకి తిప్పాలి, ఓటీజీ మీది అంకెని నమ్మకుండా లోపల థర్మామీటర్ పెట్టుకోవాలి... ఇవన్నీ అక్క అప్పుడు చెప్పింది. ముందే చెప్తే ఏం పోయేది?

ఎండాకాలం మా ఫ్రిజ్‌లో నీళ్ళ సీసాలకే చోటుండదు కాబట్టి, మూడో వాయి ముద్దల్లో సగమే అందులో పట్టాయి. మిగతావి మళ్ళీ స్టూల్ మీదకే.

ఫ్రిజ్‌లోవి అన్నీ ఒకే రంగులో, ముచ్చటగా వచ్చాయి. స్టూల్ మీది పళ్ళెం కోసం వెళ్తే ఖాళీగా ఉంది. తాతయ్య లేచి కూర్చుని మూతి తుడుచుకుంటున్నారు. “సున్నుండలు బాగున్నాయిరా, పిండే సరిగ్గా వేగలేదు” అన్నారు.

చక్కగా కాలిన కుకీల ట్రే తెచ్చి చూపించాం. కళ్ళజోడు పెట్టుకుని, ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

“అంత మంచి ఉండల్ని ఇలా ఎందుకు పాడు చేశార్రా?”