మేడ మీద సరిహద్దు కమిషన్

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో ఏ మేడ ఎక్కి చూసినా ఒక రాజకీయ రహస్యం బయటపడుతుంది. ఊళ్ళో డిష్‌లన్నీ భువనేశ్వర్‌కు వీపు పెట్టి, ఆంధ్రాలోని టెక్కలి వైపు మొహం పెట్టి కూర్చుంటాయి. మాలాంటి తెలుగు ఇళ్ళవే కాదు, పక్కింటి ఒడియా మాస్టారిదీ అంతే. సంగతి పైవాళ్ళ చెవిన పడకముందే వాంగ్మూలం ఇచ్చేస్తున్నాను: తప్పు మాది కాదు, భూమధ్యరేఖది. ఉపగ్రహం ఆ రేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున కాపురం పెట్టింది గనక మన దేశంలో ఏ డిష్ అయినా దక్షిణం వైపే చూడాలి. ఆ మాటకొస్తే ఢిల్లీకి దిగువనున్న డిష్‌లన్నీ ఢిల్లీకి వీపు చూపించేవే. వాటి మీద ఇంతవరకూ కేసు లేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేముందు మా ఊరు ఎటు పోవాలో తేల్చడానికి కమిటీలు కూర్చున్నాయి, లండన్ రౌండ్ టేబుల్ దాకా మాటలు నడిచాయి. తేలిన తీరు నచ్చక గిడుగు రామమూర్తి పంతులుగారు రాజమండ్రి వెళ్ళిపోయారు. వెళ్ళలేనివాళ్ళం మేడెక్కి డిష్ తిప్పుకుంటున్నాం. మా కమిషన్‌కు కావలసిందల్లా ఒక పానా.

సభ్యులు ముగ్గురు. మేడ మీద నేను, మెట్ల మీద మా అమ్మాయి, టీవీ ముందు మా అమ్మ. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, మా ఊరు 84 దగ్గర. అంచేత సరిగ్గా దక్షిణం నుంచి 27 డిగ్రీలు తూర్పుకి జరపాలి. కాగితం మీద అంతే. అంచు రెండు వేళ్ళు అటు జరిగిందా, తెరంతా నీలమే.

"ఒచ్చిందేటి?" అని నేను అరిచిన మాట మెట్లు దిగి, జవాబు మెట్లెక్కి వచ్చేసరికి నా చెయ్యి ఆ చోటు దాటేసి ఉంటుంది.

"ఒచ్చి పోనాది నాన్నా! మామ్మ ఎనక్కి తిప్పమంతంది!"

ఎంత వెనక్కో రికార్డుల్లో లేదు. ఈలోగా పక్క మేడ మీంచి మాస్టారు "ఆఉ టికె, ఆఉ టికె" అంటారు. ఇంకొంచెం అని. ఆయనకు మా టీవీ కనిపించదు. అయినా అంటారు.

టీవీ తెర మీద సిగ్నల్ చూపించే గీతలు రెండు: స్ట్రెంగ్త్ గీత తొంభై, క్వాలిటీ సున్నా. స్ట్రెంగ్త్ ఉందంటే తీగా, డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ బతికున్నాయని మాత్రమే. అసలు ఉపగ్రహం దొరికిందో లేదో చెప్పేది రెండో గీత. ఎన్నికలప్పుడు మా ఊరొచ్చి తెలుగులో మాట్లాడే నాయకులకు మొదటి గీత ఎప్పుడూ తొంభై పైనే.

కుదిరిందంటే మాత్రం సప్తగిరి, యాదగిరి, డీడీ ఒడియా ఒకే పళ్ళెంలో వడ్డిస్తుంది. భాషల గొడవ అక్కడితో సరి. చిక్కల్లా తుఫానులతోనే. మేం చూసే తెలుగు వార్తల పటం ఇచ్ఛాపురంతో ఆగిపోతుంది; దాని ప్రకారం ఆ పైన వాతావరణం ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ పటం చూడలేదు కాబోలు, మా గజపతి జిల్లాకు కూడా వచ్చింది.

గాలి తగ్గాక వెతికితే మా డిష్ మూడో ఇంటి పెరట్లో దొరికింది. వెల్లకిలా పడి, నిండా నీళ్ళతో, ఏ రాష్ట్రం వైపూ చూడకుండా. మాస్టారి కోడి అందులో నీళ్ళు తాగుతోంది. తెచ్చి తుడిచి, వంగిన అంచు సుత్తితో సరిచేసి మళ్ళీ గొట్టానికి తగిలించాను. కరెంటు లేదు, టీవీ లేదు, మెట్ల మీద మనిషి లేదు.

పక్క మేడ మీంచి మాస్టారు అన్నారు: "ఆఉ టికె."