ముస్‌హఫ్‌లో (రాతలో ఉన్న ఖురాన్‌లో) లేని మాట మన ఫిఖహ్‌లోకి (ధర్మశాస్త్రంలోకి) ఎలా వచ్చింది?

చిత్తూరు, తిరుపతి వైపు మన మసీదుల్లో ఎక్కువగా నడిచేది ఇమామ్ అబూ హనీఫా పేరు మీదున్న హనఫీ పద్ధతి, చదివేది ఇరాక్‌లోని కూఫాకి చెందిన ఆసిం ఖిరాత్ (ఖురాన్ చదివే తీరు), అదీ ఆయన శిష్యుడు హఫ్స్ చెప్పినట్టు. మొరాకోలో వర్ష్ అనే వేరే ఖిరాత్ చదువుతారని మనోళ్లలో చాలామందికి తెలీదు, చెప్పేవాళ్లూ తక్కువే, అందుకే యూట్యూబ్‌లో ఎవడో 'ఖురాన్‌లు చాలా ఉన్నాయంట' అనగానే కుర్రోళ్లు కంగారు పడిపోతున్నారు. దాచాల్సిన సంగతా ఇది? 936లో చనిపోయిన బాగ్దాద్ పండితుడు ఇబ్న్ ముజాహిద్ ఏడు ఖిరాత్‌ల మీద పుస్తకమే రాశాడు.

వజూలో (నమాజుకి ముందు చేసే శుద్ధిలో) కాళ్ల సంగతే చూడండి. ఖురాన్ ఐదో సూరా (అధ్యాయం) ఆరో ఆయత్‌లో (వాక్యంలో) 'మీ కాళ్లు' అనే మాటని 'అర్జులకుమ్' అని చదివితే ముఖం, చేతుల్లాగే కాళ్లూ కడగాలి, 'అర్జులికుమ్' అంటే తలకి చేసినట్టు తడిచేత్తో తుడవాలనే అర్థం వస్తుంది. ఆసిం దగ్గరే నేర్చుకున్న ఇద్దరిలో హఫ్స్‌ది మొదటిది, షుబాది రెండోది! పోనీ ఖిరాత్‌ని బట్టే మసలా (ధర్మ సందేహం) తేలిపోయిందా అంటే అదీ లేదు, షియాలు కూడా హఫ్స్ ప్రకారమే చదువుతారు కానీ కాళ్లు తుడుస్తారు, సున్నీలు రెండు ఖిరాత్‌లూ ఒప్పుకుంటారు కానీ కడుగుతారు, రెండోది తోలు మేజోళ్ల మీద తుడవడం గురించి అని వాళ్లలో కొందరు ఆలిములు (పండితులు) వివరించారు. హదీసు (ప్రవక్త మాటలు, చేతలు), ఆచరణ, వ్యాకరణం అన్నీ కలిస్తేనే ఫత్వా (ధర్మ తీర్పు).

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం ప్రమాణం తప్పితే ఇవ్వాల్సిన కఫ్ఫారా (పరిహారం). పదిమంది పేదలకి అన్నం పెట్టడానికో బట్టలివ్వడానికో స్తోమత లేనోడు మూడు రోజులు రోజా (ఉపవాసం) ఉండాలి, మన ఇళ్లల్లో ఉన్న ఖురాన్‌లో అంతవరకే ఉంది. హనఫీలు మాత్రం 'వరసగా' మూడు రోజులంటారు. ఆ 'వరసగా' కూఫాలో ఖురాన్ నేర్పిన సహాబీ (ప్రవక్త సహచరుడు) ఇబ్న్ మసూద్ ఖిరాత్‌ది, ముస్‌హఫ్‌లో లేదు, నమాజులో చదవరు, అయినా ఇమామ్ అబూ హనీఫా వర్గం దాన్ని దలీల్‌గా (ఆధారంగా) తీసుకుంది. సున్నీల్లోనే ఇంకో పద్ధతి వాళ్లైన షాఫయీల్లో బలమైన మాట ప్రకారం వరస తప్పనిసరి కాదు.

ఇది తెలిసినోడు వేలూరు ఆసుపత్రికి పోయినప్పుడు అక్కడి మసీదులో కేరళ షాఫయీ వేరేలా నమాజు చేస్తుంటే వింతగా చూడడు, ఆయనకీ ఒక దలీల్ ఉందని తెలుసు కాబట్టి. వేసవిలో పిల్లలకి పెట్టే దీనీ (మతం నేర్పే) క్లాసుల్లో ఈ రెండు ఆయత్‌లైనా పక్కపక్కన పెట్టి తెలుగులో చెప్పమని మన మౌలానాలని అడగాలి, పిల్లలు బయట ఎవరి దగ్గరో అరకొరగా వినకముందే.